నా 240 గజాల నేల కింద

స్థిరాస్తి దస్తావేజులో నేలకు నాలుగు హద్దులుంటాయి. తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఏ రోడ్డు, ఉత్తర దక్షిణాలలో ఎవరెవరి స్థలాలు అన్నది సర్వే నంబరుతో సహా వివరంగా వ్రాసి ఉంటుంది. నేలకు కిందివైపు కూడా ఒక హద్దు ఉండాలి కదా అన్న ఆలోచన ఏ దస్తావేజు లేఖరికీ వచ్చినట్లు కనబడదు. బ్యాంకులో 31 సంవత్సరాలు పనిచేసినవాడిని. తాకట్టుకు వచ్చిన దుకాణాల కాగితాలు కొన్ని వందలు నా చేతుల మీదుగా పోయాయి. గోడల వయస్సు, రోడ్డు వెడల్పు, నెలసరి అద్దె, పన్ను రశీదు అన్నీ అడిగే ఆ ఫారాలలో, భవనం ఏ మట్టి మీద నిలిచి ఉన్నదో, అందులోని మనుషులు ఏ నీరు త్రాగుతున్నారో అడిగే గడి ఒక్కటీ ఉండేది కాదు.

2009లో పదవీ విరమణ చేసిన తరువాత నల్లగొండ జిల్లాలో, దేవరకొండకు పోయే దారిలో, ఒక చిన్న ఊరిలో మూడు దుకాణాలున్న స్థలాన్ని కొన్నాను. విస్తీర్ణం 240 చదరపు గజాలు. మొదటి గదిలో టీ హోటలు, రెండవ దానిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు, మూడవ దానిలో ఎరువుల దుకాణం. వెనుక పెరటిలో 34 అడుగుల పాత చేదబావి, దాని ప్రక్కనే 320 అడుగుల బోరు. బోరును పాత యజమాని 2003లో, కరవు రోజులలో వేయించాడట. అప్పటికి బావి ఎండిపోయి చెత్తకుండీగా మారింది.

నేల సంగతి మొదట నాకు గోడ చెప్పింది. రెండవ దుకాణానికీ మూడవ దానికీ మధ్య గోడలో, కప్పు దగ్గర నుండి కిటికీ మూల వరకు, ఏటవాలుగా ఒక పగులు ఉన్నది. వేసవిలో అందులో అయిదు రూపాయల బిళ్ళ పట్టేది. శ్రావణమాసం వచ్చేసరికి గోరు కూడా పట్టేది కాదు. సున్నం వేసినా, సిమెంటు మెత్తినా మళ్ళీ అదే తంతు. పై అంతస్తు వేయాలన్న ఆలోచనతో 2010లో ఒక ఇంజనీరును పిలిచాను. ఆయన గోడను చూసి ఏమీ అనలేదు. పలుగు, పార పట్టిన ఇద్దరు కూలీల చేత స్థలానికి రెండు చివరలా మనిషి లోతు గోతులు తీయించాడు.

ఒకే స్థలంలో ఆ రెండు గోతులు రెండు ఊళ్ళవిగా కనిపించాయి. టీ హోటలు వైపు మూడడుగుల ఎర్ర చెలక, దాని కింద పిడికిటితో నలిపితే ఇసుకగా రాలే మొరం. ఎరువుల దుకాణం వైపు నాలుగడుగుల దాకా నల్లరేగడి, ఆ పైన తెల్లని సుద్దగడ్డలు, వాటి కింద మళ్ళీ అదే మొరం. ఒకప్పుడు అక్కడ చిన్న వాగో, పల్లపు మడియో ఉండి ఉంటుందని, కాలక్రమాన సన్నని బంకమట్టి వచ్చి అందులో పేరుకొని ఉంటుందని ఇంజనీరు ఊహ. రేగడిలోని బంకమట్టి నీరు పీల్చినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. రైతుకు బీటలు వారిన చేనులో కనిపించే పనే అది. నా గోడలో కూడా అదే పని జరుగుతున్నది. భవనంలో రెండు గదులు కదలని మొరం మీద, మూడవ గది ఏటేటా లేచి కూర్చునే రేగడి మీద ఉన్నాయి. పునాదిని రేగడి దాటించి మొరంలోకి దింపి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. కట్టినవారు మూడు గదులకూ ఒకే లోతు త్రవ్వి ఊరుకున్నారు. పై అంతస్తు ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఆ సుద్దగడ్డలను నేను అప్పుడు అంతగా పట్టించుకోలేదు. వాటికీ నీటికీ ఉన్న సంబంధం రెండేండ్ల తరువాత బయటపడింది.

2012 వేసవిలో బోరు పోసే నీరు సగానికి సగం తగ్గింది. అద్దెకున్న ముగ్గురూ ఒక్కటై, కొత్త బోరు ఇంకా లోతుగా, 600 అడుగులకు వేయించమన్నారు. హోటలు నడిపే ఆయన ఒక నీటి జ్యోతిష్కుని కూడా వెంటపెట్టుకొని వచ్చాడు. ఆ పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని స్థలమంతా నడిచాడు. ఈశాన్యంలో కాయ నిలువుగా లేచింది. వెక్కిరించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమి లోపలి నీటి జాడలను గురించి ఒక అధ్యాయమే వ్రాశాడు. పుట్టలను, చెట్లను, మట్టి రంగును చూసి నీటిని ఊహించే పద్ధతి అందులో ఉన్నది. కొబ్బరికాయలో నాకు కనబడనిది ఆ పరిశీలనే.

నేను మాత్రం భూగర్భజల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మిత్రుని పిలిచాను. కొబ్బరికాయ సంగతి విని ఆయన నవ్వలేదు. "మన ప్రాంతంలో మొరం ఉన్నచోట ఎక్కడ వేసినా ఎంతో కొంత తడి తగులుతుంది. అందుకే వాళ్ళ మాట చాలాసార్లు నిజమవుతుంది. ఎంత నీరు, ఎన్నాళ్ళు, ఎటువంటి నీరు అని అడిగితే కాయ చెప్పదు" అన్నాడు. ఆ పిమ్మట నాలుగు ఇనుప కడ్డీలు నేలలో పాతి, విద్యుత్తు పంపి, ప్రక్క వీధి వరకు తీగలు లాగి, సాయంకాలం దాకా ఏవో అంకెలు వ్రాసుకున్నాడు. తడి ఉన్న పొరలో విద్యుత్తు సులువుగా పారుతుంది, గట్టి రాతిలో పారదు. ఆ తేడాను బట్టి లోపలి పొరల మందాన్ని అంచనా వేయవచ్చును.

ఆ రాత్రి ఆయన నా నోటు పుస్తకంలో గీసి చూపిన బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. పైన మట్టి. దాని కింద సుమారు 40 అడుగుల వరకు మొరం. అనగా ఎండకు, వానకు లక్షల సంవత్సరాలుగా కుళ్ళి మెత్తబడిన గ్రానైటు. దాని కింద 120 అడుగుల వరకు పగుళ్ళు పారిన రాయి. ఆ పైన ఎంత లోతుకు పోయినా పగుళ్ళు అరుదు. ఈ రాతి వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరాలు. గోదావరి, కృష్ణా డెల్టాలలో వలె ఇక్కడ ఇసుక మేటల నిండా నీరు నిలిచి ఉండదు. మొరం అన్నది బాగా పిండిన తడిగుడ్డ వంటిది. వంద ఘనపుటడుగుల మొరం నుండి మనకు చేతికందే నీరు ఒకటి నుండి మూడు ఘనపుటడుగులు మాత్రమే. కింది పగుళ్ళు ఆ నీటిని చేరవేసే కాలువలే కాని నిలవచేసే చెరువులు కావు. 1999లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరం ప్రాంతంలో మొదలుపెట్టిన అధ్యయనాలు కూడా, మొరానికి సరిగ్గా కిందనున్న పగుళ్ళ పొరలోనే ఎక్కువ నీరు కదులుతున్నదని తేల్చాయట. మనవారు ఆ పొరను దాటి రెండు వందలు, మూడు వందల అడుగులు దిగి ఎక్కడో ఒక ఒంటరి పగులును పట్టుకుంటున్నారు.

బ్యాంకువాడిని కాబట్టి నాకు జమాఖర్చు కావలసి వచ్చింది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాము. మా వైపు ఏడాదికి వాన సుమారు 750 మిల్లీమీటర్లు. నా స్థలం ఇంచుమించు 200 చదరపు మీటర్లు. కాబట్టి నా హద్దులలో ఏడాదికి పడే వాన ఒక లక్షా యాభై వేల లీటర్లు. ఇటువంటి రాతి నేలలో లోపలికి ఇంకి భూగర్భానికి చేరేది పదవ వంతు. అనగా 15,000 లీటర్లు. స్థలంలో ఎక్కువ భాగం సిమెంటు కింద ఉన్నది కాబట్టి నిజానికి అంతకన్నా తక్కువే. మూడు దుకాణాలకు రోజుకయ్యే వాడకం సుమారు 1,500 లీటర్లు. నా నేల ఏడాది పొడుగునా కూడబెట్టేది పదిరోజుల ఖర్చు! తక్కిన 355 రోజులూ నా మోటారు తోడుతున్నది ఇరుగుపొరుగుల నేలలో, ఊరి చివరి బీడులో, ఆవలి చెరువులో ఇంకిన నీటిని.

చట్టం దీనికి అడ్డు చెప్పదు. నిర్ణీతమైన కాలువగా పారని భూగర్భజలాన్ని తన హద్దులలో తోడుకునే హక్కు నేల యజమానిదేనని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తించింది. ఆనాడు తోడే సాధనాలు ఏతాము, మోట, చేద మాత్రమే. ఎద్దుల ఓపికే హద్దుగా ఉండేది. 1967లో బీహారు కరవు సమయంలో యునిసెఫ్ గట్టి రాతిని వేగంగా తొలిచే యంత్రాలను తెప్పించిన తరువాత ఆ హద్దు చెరిగిపోయింది. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీరు, భూమి, చెట్ల చట్టం చేసి బోర్లకు నమోదు, అనుమతి ఉండాలన్నది. రాత్రి తొమ్మిది గంటలకు మొదలై తెల్లవారేసరికి ముగిసే రిగ్గు చప్పుడు విన్నవారికి ఆ చట్టం ఎంత అమలయిందో నేను చెప్పనక్కరలేదు.

కొత్త బోరు మాట తేల్చే ముందు ఆయన పాత బోరు నీటిని, బావి అడుగున మిగిలిన నీటిని సీసాలలో పట్టి పరీక్షకు పంపించాడు. పది రోజులకు కాగితాలు వచ్చాయి. బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 3.4 మిల్లీగ్రాములు. బావి నీటిలో 1.1. త్రాగే నీటిలో 1 మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చునని మన దేశ ప్రమాణం.

నల్లగొండలో ఫ్లోరైడు అన్న మాట కొత్తది కాదు. మన దేశంలో ఈ జబ్బును శాస్త్రీయంగా మొదట గుర్తించి ప్రకటించినది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు నల్లగొండ గ్రామాలలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లలను గురించి 1973లో ప్రపంచానికి తెలియజేశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు; ఆ పేరు ఆఫ్రికా దేశాల వరకు పోయింది. ఇంత తెలిసిన జిల్లాలో కూడా, రోడ్డు ప్రక్కన ఒక టీ హోటలు బోరును ఎవరూ పరీక్షించలేదు.

ఇక్కడే సుద్దగడ్డల సంగతి వస్తుంది. మన గ్రానైటులోని నల్ల అభ్రకంలో, అపటైటు, ఫ్లోరైటు అనే ఖనిజాలలో ఫ్లోరైడు ఉన్నది. నీరు రాతితో ఎంతకాలం కాపురం చేస్తే అంత ఎక్కువగా అది నీటిలో కరుగుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడు దానితో జతకట్టి గడ్డకట్టుకొని దిగిపోతుంది. కాని మా వంటి ఎండ నేలలలో ఆ కాల్షియం ముందుగానే సుద్దగడ్డగా మారి మట్టిలో ఉండిపోతున్నది. కిందికి దిగిన నీటిలో కాల్షియం తరుగుతుంది, సోడియం పెరుగుతుంది, ఫ్లోరైడుకు అడ్డు లేకుండా పోతుంది. ఇంజనీరు త్రవ్వించిన గోతిలో నేను కాలితో నెట్టివేసిన ఆ తెల్లని గడ్డలు, నీటిలో నుండి కాల్షియం జారిపోయిందని చెప్పే సాక్ష్యాలన్నమాట.

కాల్షియం తగ్గిన నీరు మెత్తని నీరు. అందులో సబ్బు బాగా నురుగు వస్తుంది, కందిపప్పు తొందరగా ఉడుకుతుంది, నాలుకకు కమ్మగా ఉంటుంది. ఊరిలో మిగిలిన బోర్ల నీరు గరుకు. అందుకే మా దుకాణాల ముందున్న కొళాయి దగ్గర తెల్లవారకముందే బిందెలు వరుస కట్టేవి. పాత యజమాని ధర్మానికి పెట్టించిన కొళాయి అది. ఊరంతా ఏరికోరి త్రాగుతున్న నీరే ఊరిలోని అన్ని నీళ్ళ కన్నా చెడ్డదని తేలింది.

హోటలాయనకు కాగితం చూపించాను.

"సారూ, ఈ నీళ్ళు మంచిగున్నయనే గదా నా గిరాకి నడుస్తున్నది. మరగబెట్టి చాయ పోస్తున్న. మరగబెడితే ఏ రోగం ఉంటది?" అన్నాడు.

మరిగిస్తే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైపోయే కొద్దీ మిగిలిన దానిలో అది చిక్కబడుతుంది. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును ఆకులలో నింపుకునే జాతి. కాచినప్పుడు అది కూడా కషాయంలోకి దిగుతుంది. ఈ మాటలన్నీ మిత్రుడు ఓపికగా చెప్పాడు. హోటలాయన చేతులు కట్టుకొని విన్నాడు కాని నమ్మినట్లు కనబడలేదు. అప్పుడు మిత్రుడు, బల్లలు తుడుస్తున్న ఆయన కూతురిని దగ్గరకు పిలిచి పేరు అడిగాడు. ఎనిమిదేండ్ల పిల్ల. నవ్వుతూ చెప్పింది. పై వరుస ముందు పళ్ళ మీద సుద్దముక్కతో అడ్డంగా గీసినట్లు తెల్లని చారలు. ఒకచోట గోధుమరంగు మొదలయింది. ఆయన కొడుకు ఆ పిల్ల కన్నా పదేండ్లు పెద్ద. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద అమ్మమ్మగారి ఊరిలో కాలువ నీరు త్రాగి పెరిగాడు. అతని పళ్ళు పాలనురుగులా ఉన్నాయి. పంటి పింగాణీ చిగురులోపల తయారయ్యేటప్పుడు, ఎనిమిదేండ్ల లోపల త్రాగిన నీరే అక్కడ వ్రాతగా నిలుస్తుంది. మిత్రుడు ఈ చివరి మాటలు పిల్ల వినకుండా, బయటకు వచ్చి చెప్పాడు.

హోటలాయన ఏమీ అనలేదు. మరునాడు కాగితాన్ని తీసుకొని ఆసుపత్రికి పోయి డాక్టరుకు చూపించి వచ్చాడని తరువాత తెలిసింది. మూడవనాడు నా ఇంటికి వచ్చి, త్రాగడానికి, టీకి బయటి నీరు తెచ్చుకుంటానని, అద్దెలో నీటి ఖర్చు కలిసి ఉన్నది కాబట్టి 500 రూపాయలు తగ్గించమని అడిగాడు. న్యాయమైన మాటే. తగ్గించాను.

కొళాయి కట్టివేయడం అంత సులువుగా జరగలేదు. కృష్ణా నీరు అప్పటికి మా ఊరికి రోజు విడిచి రోజు, అదీ గంటసేపు వచ్చేది. పేదవాడి నోటికాడి నీళ్ళు ఆపుతున్నానని కొందరు ఆడవాళ్ళు నా ముఖానే అన్నారు. బోరు ఎండిపోతున్నదని పిసినారితనంతో నాటకం ఆడుతున్నానని ఇంకొందరు. ఎరువుల దుకాణం ఆయన, నీళ్ళు విషమని తెలిస్తే ఈ వైపు గిరాకీ పడిపోతుందని, బోర్డు మాత్రం పెట్టవద్దని బ్రతిమాలాడు. బోర్డు పెట్టాను: ఈ నీరు స్నానానికి, కడగడానికి మాత్రమే, త్రాగరాదు. మరుసటి ఏడు స్థలం కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ బోర్డు చూసి ధరలో లక్షన్నర తగ్గించి అడిగాడు. నేను అమ్మలేదు.

పటిక, సున్నం పద్ధతిని హోటలులో కొన్నాళ్ళు ప్రయత్నించాము. పెద్ద బకెట్టులో కలిపి, తేరినదాన్ని వంచుకోవాలి. ప్రతిరోజూ కొలత తప్పకుండా వేయాలి, అడుగున మిగిలే మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. ఉదయం నాలుగు గంటలకు పొయ్యి వెలిగించే మనిషికి అది కుదిరే పని కాదు. నెల తిరగకుండానే మానివేశాడు. పుస్తకంలో పద్ధతి తప్పు లేదు. దాన్ని రోజూ చేయవలసిన మనిషిని గురించి మాత్రం ఎక్కువగా ఆలోచించినట్లు లేదు.

కొత్త బోరు వేయించలేదు. ఆ డబ్బు పాత బావి మీద పెట్టాను. అయితే బావి నీరు కూడా నిర్దోషి కాదు. ఫ్లోరైడు తక్కువే కాని నైట్రేటు 45 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉన్నది. చుట్టుప్రక్కల మరుగుదొడ్ల గుంతలు, బహుశా ఎరువుల గోనెల కింద తడిసిన నేల కారణాలు. మోటారు షాపు వెనుక కాలిపోయిన ఇంజను నూనె మొరంలోకి ఇంకి, అడుగు లోతున కూడా నల్లగా కనబడింది. ఆ మట్టిని తీయించి, షాపు నేలకు సిమెంటు పోయించి, నూనెకు డ్రమ్ము పెట్టించే వరకు వాననీటిని బావిలోకి వదలవద్దని మిత్రుడు పట్టుబట్టాడు. పైనున్న మురికిని వానతో పాటు మనమే కిందికి పంపినట్లవుతుందని ఆయన భయం. బావిలోని పూడిక తీయడానికి పదకొండు రోజులు పట్టింది. పగిలిన సీసాలు, సైకిలు చక్రాలు, ఒక తిరగలి రాయి, ఇవిగాక పది బండ్ల బురద బయటపడ్డాయి.

2014 వర్షాకాలం నుండి కప్పు మీది నీరంతా గొట్టాల ద్వారా ఇసుక, గులకరాళ్ళ తొట్టిలో వడకట్టబడి బావిలో పడుతున్నది. కప్పు 130 చదరపు మీటర్లు; పొర్లిపోయింది, ఆవిరైంది తీసివేసినా మంచి ఏడాదిలో 75,000 లీటర్లు లోపలికి పోతుంది. నేల తానుగా ఇంకించుకునే దానికి ఇది అయిదు రెట్లు. అయినా యాభై రోజుల వాడకమే. నా ఖాతాలో లోటు ఇంకా ఉన్నది.

2016లో మిషన్ భగీరథ మొదలై, తరువాతి సంవత్సరాలలో కృష్ణా నీరు మా వీధి కొళాయిలకు క్రమంగా రావడంతో త్రాగునీటి తగవు చాలావరకు తీరింది. అయితే గొట్టం పగిలిన రోజున బిందెలు మళ్ళీ బోరు వైపే చూస్తాయి. అందుకని బోర్డుకు రెండేండ్లకొకసారి రంగు వేయిస్తున్నాను.

మిత్రుడు 2017లో రెండు నీళ్ళనూ మళ్ళీ పరీక్ష చేయించాడు. బావిలో ఫ్లోరైడు 0.8కి తగ్గింది; నైట్రేటు తగ్గింది కాని ఇంకా హద్దు మీదనే ఉన్నది. బోరులో ఫ్లోరైడు 3.3. మూడు వానాకాలాల నీరు మొరాన్ని కడిగింది. 300 అడుగుల కింది పగులుకు ఆ సంగతి ఇంకా చేరలేదు. ఎప్పటికి చేరుతుందని అడిగితే, మన ఇద్దరి లెక్కలోకి రాదులే అన్నాడు.

హోటలాయన కృష్ణా నీటితోనే టీ కాస్తున్నాడు. బోరు నీటితో అయితే రంగు బాగా దిగేదని ఇప్పటికీ అంటాడు. అది నిజమే. క్షారం ఎక్కువగా ఉన్న నీటిలో టీ కషాయం నల్లబడుతుంది.